టెర్మినల్, ఎడిటర్ సెటప్: నల్గొండ, పాలమూరు విద్యార్థులు తరచుగా అడిగే ప్రశ్నలు

డిగ్రీలోనో, పాలిటెక్నిక్‌లోనో, బీటెక్ మొదటి ఏడాదిలోనో చేరి, ల్యాప్‌టాప్ కొని, కోడ్ ఎక్కడ రాయాలో తెలియక ఆగిపోయినవాళ్ల కోసం ఈ పేజీ. కమాండ్లన్నీ ఇక్కడ పలికే తీరులో తెలుగు అక్షరాల్లోనే ఉన్నాయి. మీరు కొట్టేటప్పుడు ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో కొట్టండి. ‘సీడీ’, ‘ఎల్‌ఎస్’ లాంటివి విడి అక్షరాలు. గీతలు, చుక్కలు, మధ్యలో ఖాళీలు ఎలా ఉంటే అలాగే వేయాలి.

వీఎస్ కోడ్ ఎడిటర్‌లో రన్ బటన్ ఉంది కదా, మళ్లీ టెర్మినల్ ఎందుకు?

మొదట్లో బటన్ చాలు. కానీ ఆ బటన్ నొక్కినప్పుడు కింద తెరుచుకునే పెట్టెను, అంటే టెర్మినల్‌ను, ఒకసారి చూడండి. అక్కడ ఒక కమాండ్ దానంతట అదే టైప్ అయి కనిపిస్తుంది. బటన్ చేసే పని అంతే, మీ బదులు ఆ కమాండ్ కొట్టడం. ఏదో ఒక రోజు బటన్ పనిచేయదు. అప్పుడు లోపల ఏం జరుగుతుందో తెలిసినవాళ్లు ఐదు నిమిషాల్లో బయటపడతారు, మిగతావాళ్లు సాఫ్ట్‌వేర్ మొత్తం తీసేసి మళ్లీ వేస్తారు.

ఉద్యోగంలో అవసరమా అని కూడా అడుగుతుంటారు. మహబూబ్‌నగర్‌లో ఐటీ టవర్, నల్గొండలో ఐటీ హబ్ 2023లో తెరిచారు. అక్కడ చేరినా, హైదరాబాద్ పోయినా, సర్వర్ అనేదానికి మౌస్ పెట్టి నొక్కే తెర మామూలుగా ఉండదు. దూరం నుంచి టెర్మినల్‌లోనే లోపలికి వెళ్లాలి.

విండోస్‌లో నల్ల తెరలు రెండు మూడు రకాలున్నాయి. ఏది తెరవాలి?

కిటికీ వేరు, లోపల కూర్చుని మన మాట వినే ప్రోగ్రామ్ వేరు. కిటికీని టెర్మినల్ అంటాం, లోపలిదాన్ని షెల్ అంటాం. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్, పవర్‌షెల్ అని రెండు షెల్‌లు ముందే ఉంటాయి. లినక్స్‌లో మామూలుగా బ్యాష్ ఉంటుంది, 1989 నుంచి ఉన్నదే. మ్యాక్‌లో 2019 నుంచి జడ్‌షెల్.

విండోస్ టెర్మినల్ అనేది కిటికీ మాత్రమే. విండోస్ 11లో ముందే ఉంటుంది, 10లో మైక్రోసాఫ్ట్ స్టోర్ నుంచి ఉచితంగా వేసుకోవచ్చు. దాన్నే తెరిచి, అందులో ఏ షెల్ కావాలంటే ఆ ట్యాబ్ తెరుచుకోండి. యూట్యూబ్‌లో చూసిన కమాండ్ మీ దగ్గర పనిచేయకపోతే, చాలాసార్లు కారణం వాళ్లది బ్యాష్, మీది పవర్‌షెల్ కావడమే.

విండోస్ తీసేయకుండా లినక్స్ వాడొచ్చా?

వాడొచ్చు. డబ్ల్యూఎస్ఎల్ అనేది దానికే ఉంది. విండోస్ లోపలే ఉబుంటు అనే లినక్స్ రకం నడుస్తుంది. విండోస్ 11 ఉన్నా, విండోస్ 10లో 2004 వెర్షన్ గానీ ఆ తర్వాతది గానీ ఉన్నా చాలు. స్టార్ట్ మెనూలో ‘విన్‌వర్’ అని కొడితే మీది ఏ వెర్షనో కనిపిస్తుంది.

పవర్‌షెల్ మీద రైట్ క్లిక్ చేసి అడ్మినిస్ట్రేటర్‌గా తెరవండి. ‘డబ్ల్యూఎస్ఎల్ --ఇన్‌స్టాల్’ అని కొట్టి, అయిపోయాక మెషీన్ రీస్టార్ట్ చేయండి. ఉబుంటు తెరుచుకుని కొత్త యూజర్ పేరు, పాస్‌వర్డ్ అడుగుతుంది. ఇవి మీ విండోస్ పేరు, పాస్‌వర్డ్ కానక్కర్లేదు. పాస్‌వర్డ్ కొడుతుంటే తెర మీద చుక్క కూడా కదలదు. కీబోర్డు పాడైందని టెన్షన్ పడకండి, లోపల ఎక్కుతూనే ఉంటుంది. కొట్టి ఎంటర్ నొక్కండి.

మధ్యలో 0ఎక్స్80370102 అనే ఎర్రర్ వస్తే బయోస్‌లో (మెషీన్ ఆన్ కాగానే, విండోస్ రాకముందే తెరిచే సెట్టింగుల తెరలో) వర్చువలైజేషన్ ఆపి ఉందని అర్థం. టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్, అందులో సీపీయూ తెరిస్తే కింద ‘వర్చువలైజేషన్’ పక్కన ఎనేబుల్డ్ అనో డిసేబుల్డ్ అనో రాసి ఉంటుంది. ఇంటెల్ మెషీన్ బయోస్‌లో అది వర్చువలైజేషన్ టెక్నాలజీ అనే పేరుతోను, ఏఎండీలో ఎస్‌వీఎం అనే పేరుతోను దొరుకుతుంది.

ఉబుంటు వచ్చాక మొదట కొట్టాల్సినవి రెండు: ‘సుడో ఆప్ట్ అప్‌డేట్’, తర్వాత ‘సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ బిల్డ్-ఎసెన్షియల్’. ఆప్ట్ అంటే ఏ, పీ, టీ. దీంతో సీ, సీ ప్లస్ ప్లస్ కంపైలర్లు, మేక్ అన్నీ ఒకేసారి వస్తాయి. పైథాన్ ఉబుంటులో ముందే ఉంటుంది, ‘పైథాన్3’ అని పిలవాలి.

ఒక జాగ్రత్త. ఉబుంటులో మీ సీ డ్రైవ్ ‘/ఎంఎన్‌టీ/సీ’ అనే చోట కనిపిస్తుంది. ప్రాజెక్టులు అక్కడ పెట్టకండి, చిన్న చిన్న ఫైళ్లు ఎక్కువగా ఉంటే బాగా నెమ్మదిస్తుంది. ఉబుంటు లోపలి హోమ్ ఫోల్డర్‌లోనే పెట్టుకోండి. అక్కడి ఫైళ్లు విండోస్‌లో చూడాలనిపిస్తే ‘ఎక్స్‌ప్లోరర్.ఈఎక్స్ఈ .’ అని కొట్టండి, చివరి చుక్కతో సహా. మామూలు ఫోల్డర్ తెరుచుకుంటుంది.

నాది 4 జీబీ ర్యామ్ పాత ల్యాప్‌టాప్. సికింద్రాబాద్ సీటీసీ మార్కెట్‌లో సెకండ్ హ్యాండ్‌లో తెచ్చినది. పనికొస్తుందా?

వస్తుంది, కానీ డబ్ల్యూఎస్ఎల్ వద్దు. మామూలు సెట్టింగుల్లో అది మెషీన్ ర్యామ్‌లో సగం దాకా వాడుకోగలదు. మీకు ఉన్నదే నాలుగు. దాని బదులు లినక్స్ మింట్‌లో ఎక్స్‌ఎఫ్‌సీఈ రకం నేరుగా వేసుకోండి. ముందు పెన్‌డ్రైవ్ నుంచే నడిపి, వైఫై, సౌండ్ పనిచేస్తున్నాయో చూసుకుని తర్వాత వేసుకోవచ్చు. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది, విండోస్ 11 పాత ప్రాసెసర్లను ఒప్పుకోదు. కాబట్టి ఇలాంటి మెషీన్లకు లినక్సే దారి.

ఎడిటర్‌గా జీనీ వేసుకోండి, తేలిగ్గా ఉంటుంది. లోపల ఇంకా తిరిగే హార్డ్ డిస్క్ ఉంటే, ర్యామ్ పెంచే ముందు దాన్ని ఎస్ఎస్‌డీకి మార్చండి. తేడా వెంటనే తెలుస్తుంది.

కాలేజీ ల్యాబ్‌లో టర్బో సీ, ఇంట్లో జీసీసీ. అదే ప్రోగ్రామ్ ఇంట్లో ఎర్రర్ ఇస్తోంది. ఎవరిది తప్పు?

ఎవరిదీ కాదు. జీసీసీ అంటే బిల్డ్-ఎసెన్షియల్‌తో వచ్చే సీ కంపైలర్. టర్బో సీ డాస్ కాలం నాటి 16 బిట్ కంపైలర్. 64 బిట్ విండోస్ దాన్ని నేరుగా నడపలేదు. ‘విండోస్ 10 టర్బో సీ’ అని దొరికేది డాస్‌బాక్స్ అనే ప్రోగ్రామ్ లోపల పాత డాస్‌ను నటింపజేసేదే.

ఎర్రర్ల సంగతి ముందు చూద్దాం. ‘కోనియో.హెచ్’ దొరకలేదు అని వస్తుంది. అది డాస్ లైబ్రరీ, లినక్స్‌లో ఉండదు. ఆ లైను, ‘సీఎల్ఆర్ఎస్‌సీఆర్’, చివర్లో ‘గెట్‌సీహెచ్’, ఈ మూడూ తీసేయండి. గెట్‌సీహెచ్ పెట్టేదే అవుట్‌పుట్ తెర వెంటనే మాయం కాకుండా. టెర్మినల్‌లో అవుట్‌పుట్ ఎక్కడికీ పోదు కాబట్టి దాంతో పని లేదు. ‘వాయిడ్ మెయిన్’ బదులు ‘ఇంట్ మెయిన్’ రాసి చివర్లో ‘రిటర్న్ 0’ పెట్టండి. ‘గెట్స్’ వాడి ఉంటే ‘ఎఫ్‌గెట్స్’‌కు మార్చండి. గెట్స్‌ను 2011 నాటి సీ ప్రమాణం నుంచే తీసేశారు. సీ ప్లస్ ప్లస్ అయితే ‘ఐఓస్ట్రీమ్.హెచ్’లో ‘.హెచ్’ తీసేసి, కింద ‘యూజింగ్ నేమ్‌స్పేస్ ఎస్‌టీడీ’ చేర్చండి. 1998లో వచ్చిన ప్రమాణం నుంచి పద్ధతి ఇదే.

అసలు చిక్కు ఎర్రర్ ఇవ్వని చోట ఉంది. ఫ్యాక్టోరియల్ ప్రోగ్రామ్ రాసి రెండు చోట్లా నడిపి చూడండి. 7 ఇస్తే రెండింటిలోనూ 5040. 8 ఇస్తే ఇంట్లో 40320 వస్తుంది, టర్బో సీలో -25216 వస్తుంది. లెక్క తప్పలేదు, చోటు చాలలేదు. టర్బో సీలో ‘ఇంట్’‌కు రెండు బైట్లే, అందులో పట్టే పెద్ద సంఖ్య 32767. 40320 పట్టక, 65536 తగ్గి మైనస్‌లోకి దిగింది. జీసీసీలో ఇంట్‌కు నాలుగు బైట్లు. అందుకని 12 దాకా సరిగ్గా వస్తుంది. 13 ఇస్తే రావాల్సింది 6227020800, కానీ తెర మీద మామూలుగా 1932053504 కనిపిస్తుంది. మైనస్ కూడా లేదు కాబట్టి చూసినవాళ్లకు అనుమానమే రాదు. ‘లాంగ్ లాంగ్’ వాడి, ప్రింట్‌ఎఫ్‌లో ‘%ఎల్ఎల్‌డీ’ పెడితే సరిపోతుంది.

నా సలహా: ఇంట్లో జీసీసీలోనే నేర్చుకోండి. ల్యాబ్ పరీక్ష టర్బో సీలో ఉంటే పరీక్షకు ముందు ఆ ప్రోగ్రామ్‌లన్నీ అక్కడే ఒకసారి నడిపి చూసుకోండి. వైవాలో ఇంట్ ఎన్ని బైట్లు అని అడిగితే, ఏ కంపైలర్‌లోనో కలిపి చెప్పండి.

ఎడిటర్ ఏది పెట్టుకోవాలి?

8 జీబీ ర్యామ్ ఉంటే వీఎస్ కోడ్. 2015లో వచ్చింది, ఉచితం, ఎక్కడ చిక్కుకున్నా సాయం దొరుకుతుంది. పేరు చూసి విజువల్ స్టూడియో దింపుకోకండి. అది వేరే సాఫ్ట్‌వేర్, జీబీలకు జీబీలు లాగుతుంది. దాని గుర్తు ఊదా రంగు, మనకు కావాల్సినదాని గుర్తు నీలం.

ఎక్స్‌టెన్షన్లు మొదట మూడు చాలు: పైథాన్, సీ/సీ ప్లస్ ప్లస్, డబ్ల్యూఎస్ఎల్. మూడూ మైక్రోసాఫ్ట్ పేరు మీదున్నవే తీసుకోండి. ఉబుంటులో మీ ఫోల్డర్‌లోకి వెళ్లి ‘కోడ్ .’ అని కొడితే ఆ ఫోల్డర్ విండోస్‌లోని వీఎస్ కోడ్‌లో తెరుచుకుంటుంది.

ట్యాబ్ మీద ఫైల్ పేరు పక్కన ఇంటూ గుర్తు ఉండాల్సిన చోట గుండ్రటి చుక్క ఉంటే ఆ ఫైల్ ఇంకా సేవ్ కాలేదు. ‘కోడ్ మార్చాను, అవుట్‌పుట్ మాత్రం పాతదే వస్తోంది’ అనేవాళ్లలో చాలామంది దగ్గర ఆ చుక్కే ఉంటుంది. ఫైల్ మెనూలో ఆటో సేవ్ ఆన్ చేసుకోండి. సీ విషయంలో ఇంకోటి కూడా చూడాలి: సేవ్ చేసినా మళ్లీ కంపైల్ చేయకపోతే పాతదే నడుస్తుంది.

ఫైల్ కళ్ల ముందే ఉంది, అయినా ‘నో సచ్ ఫైల్’ అంటోంది.

ఈ పేజీలో ఒక్క ప్రశ్నే చదువుతానంటే ఇది చదవండి. వచ్చే ఇబ్బందుల్లో సగం దీని దగ్గరే తేలతాయి.

టెర్మినల్ ఎప్పుడూ ఏదో ఒక ఫోల్డర్‌లో నిలబడి ఉంటుంది. మీరు ‘హలో.సీ’ అంటే ఆ ఫోల్డర్‌లో ఉన్న హలో.సీ అనే అర్థం. నల్గొండలోనూ క్లాక్ టవర్ ఉంది, మహబూబ్‌నగర్‌లోనూ ఉంది. ఆటో ఎక్కి క్లాక్ టవర్ అంటే, మీరు ఏ ఊళ్లో ఎక్కారో ఆ ఊరి క్లాక్ టవర్‌కే పోతుంది. ఫైల్ పేరు కూడా అంతే. ముందు ‘పీడబ్ల్యూడీ’ కొట్టి ఎక్కడున్నారో చూడండి. ‘ఎల్‌ఎస్’ కొట్టి అక్కడ ఏమున్నాయో చూడండి. మీ ఫైల్ ఆ జాబితాలో లేకపోతే ‘సీడీ’‌తో అది ఉన్న ఫోల్డర్‌లోకి వెళ్లండి.

జాబితాలో పేరు ఉన్నట్టే ఉండి పనిచేయకపోతే మళ్లీ చూడండి, అది ‘హలో.సీ.టీఎక్స్‌టీ’ అయి ఉంటుంది. నోట్‌ప్యాడ్‌లో సేవ్ చేస్తే చివర టీఎక్స్‌టీ తగిలిస్తుంది, విండోస్ ఆ తోకను దాచి చూపిస్తుంది. ఫోల్డర్‌లో వ్యూ మెనూలోకి వెళ్లి ‘ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్’ ఆన్ చేసి పెట్టుకోండి, ఎప్పటికీ.

ఇంకో మోసం డెస్క్‌టాప్. వన్‌డ్రైవ్ ఆన్‌లో ఉంటే మీ డెస్క్‌టాప్ చాలాసార్లు వన్‌డ్రైవ్ ఫోల్డర్ లోపలికి మారిపోయి ఉంటుంది. మీరు వెతికే చోట ఉండదు. అందుకే కోడ్ డెస్క్‌టాప్ మీద పెట్టొద్దు. ‘ఎంకేడీఐఆర్ కోడ్’ అని ఒక ఫోల్డర్ చేసుకుని అన్నీ దాంట్లోనే ఉంచండి. ఫోల్డర్ పేర్లలో ఖాళీలు వద్దు. ‘సీ ల్యాబ్’ అని పెడితే షెల్ దాన్ని రెండు పేర్లుగా చదువుతుంది.

కంపైల్ అయి, నడపబోతే ‘కమాండ్ నాట్ ఫౌండ్’ అన్నా ఇదే కథ. ‘జీసీసీ హలో.సీ -ఓ హలో’ తర్వాత ఉత్త ‘హలో’ అంటే కుదరదు, ‘./హలో’ అనాలి. ముందున్న చుక్కకు ‘ఈ ఫోల్డర్‌లోనిది’ అని అర్థం.

పైథాన్ వేశాను. టెర్మినల్‌లో కొడితే గుర్తుపట్టడం లేదు, లేకపోతే స్టోర్ తెరుచుకుంటోంది.

మీరు ఒక పేరు కొట్టగానే షెల్ మెషీన్ అంతా వెతకదు. పాత్ అనే జాబితాలో ఉన్న ఫోల్డర్లలోనే వెతుకుతుంది. పైథాన్ ఇన్‌స్టాలర్ మొదటి తెర మీద అడుగున ‘యాడ్ పైథాన్.ఈఎక్స్ఈ టు పాత్’ అనే చిన్న గడి ఉంటుంది, అది మామూలుగా ఖాళీగా ఉంటుంది. అందరూ తొందరలో ఇన్‌స్టాల్ నౌ నొక్కేస్తారు. ఇన్‌స్టాలర్ మళ్లీ నడిపి, మాడిఫై, తర్వాత నెక్స్ట్ నొక్కి, ‘యాడ్ పైథాన్ టు ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్’ అనే గడిలో టిక్ పెట్టండి. తర్వాత పాత టెర్మినల్ మూసి కొత్తది తెరవండి, తెరిచి ఉన్నదానికి కొత్త పాత్ తెలియదు.

స్టోర్ తెరుచుకుంటుంటే సెట్టింగ్స్‌లో ‘యాప్ ఎగ్జిక్యూషన్ అలియసెస్’ అని వెతికి, పైథాన్ పేరున్నవి ఆఫ్ చేయండి. ఏ పైథాన్ నడుస్తోందో తెలియాలంటే లినక్స్‌లో ‘విచ్ పైథాన్3’, విండోస్‌లో ‘వేర్.ఈఎక్స్ఈ పైథాన్’. పవర్‌షెల్‌లో ఉత్త ‘వేర్’కు వేరే అర్థం ఉంది, అందుకే ఈఎక్స్ఈ తోక తప్పనిసరి.

ఉబుంటులో పిప్‌తో (పైథాన్ లైబ్రరీలు దింపే ప్రోగ్రామ్) ఏది వేయబోయినా ‘ఎక్స్‌టర్నల్లీ మేనేజ్డ్’ అని ఆపేస్తోంది.

కొత్త ఉబుంటులో సిస్టమ్ సొంత పైథాన్‌ను మనం పాడుచేయకుండా పెట్టిన అడ్డు అది. దాన్ని బలవంతంగా దాటే మార్గాలు ఇంటర్నెట్‌లో చెప్తారు, వద్దు. ‘సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ పైథాన్3-వీఎన్వ్’ ఒకసారి కొట్టండి. తర్వాత ప్రాజెక్ట్ ఫోల్డర్‌లో ‘పైథాన్3 -ఎం వీఎన్వ్ ఎన్వ్’, దాని తర్వాత ‘సోర్స్ ఎన్వ్/బిన్/యాక్టివేట్’. వీఎన్వ్ అంటే వీ, ఈ, ఎన్, వీ. ప్రాంప్ట్ ముందు బ్రాకెట్లలో ఆ పేరు కనిపిస్తే ఇక పిప్ మామూలుగా పనిచేస్తుంది. టెర్మినల్ తెరిచిన ప్రతిసారీ ఆ సోర్స్ లైను కొట్టాలి.

టెర్మినల్ బిగుసుకుపోయింది. ఏం కొట్టినా కదలదు.

సేవ్ చేసే అలవాటుతో కంట్రోల్ ఎస్ నొక్కారేమో. టెర్మినల్‌లో అది అవుట్‌పుట్‌ను ఆపేస్తుంది. కంట్రోల్ క్యూ నొక్కితే కదులుతుంది. ప్రోగ్రామ్ అంతులేని లూప్‌లో పడితే కంట్రోల్ సీ. అంటే కంట్రోల్ సీ ఇక్కడ కాపీ కాదు. కాపీకి కంట్రోల్ షిఫ్ట్ సీ, పేస్ట్‌కు కంట్రోల్ షిఫ్ట్ వీ. కింద ఒక్క కోలన్ మాత్రమే కనిపిస్తుంటే ‘క్యూ’ నొక్కండి. విమ్ అనే ఎడిటర్‌లో చిక్కుకుంటే ఎస్కేప్ నొక్కి, ‘:క్యూ!’ కొట్టి ఎంటర్. సేవ్ చేసి రావాలంటే ‘:డబ్ల్యూక్యూ’.

విమ్ నేర్చుకోవాలా?

బయటికి రావడం వరకు తప్పదు, పై రెండు కమాండ్లు చాలు. అంతకు మించి సరదా ఉంటే ఉబుంటులో ‘విమ్‌ట్యూటర్’ అని కొట్టండి, అరగంట పాఠం. బ్రామ్ మూలెనార్ 1991లో బయటపెట్టిన ఎడిటర్ ఇది, ఇప్పటికీ దాదాపు ప్రతి సర్వర్‌లోనూ ఇదో, దీని పాత రూపం వీఐనో ఉంటుంది. తొందర పని ఉంటే ‘నానో’ వాడండి. అందులో కంట్రోల్ ఓ అంటే సేవ్, కంట్రోల్ ఎక్స్ అంటే బయటికి, రెండూ తెర అడుగునే రాసి ఉంటాయి.

మా ఊళ్లో కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు. డెస్క్‌టాప్‌కు యూపీఎస్ లేదు.

వీఎస్ కోడ్‌లో ఆటో సేవ్ ఉంటే దాదాపు ఏమీ పోదు. విమ్ అయితే ఎడిట్ చేస్తున్నంతసేపూ పక్కన ‘.ఎస్‌డబ్ల్యూపీ’ అనే దాపుడు ఫైల్ ఉంచుతుంది. కరెంటు వచ్చాక ‘విమ్ -ఆర్’ తర్వాత ఫైల్ పేరు కొడితే చాలావరకు తిరిగి వస్తుంది. చూసుకుని సేవ్ చేశాక ఆ ఎస్‌డబ్ల్యూపీ ఫైల్ తీసేయండి, లేకపోతే తెరిచినప్పుడల్లా హెచ్చరిస్తూనే ఉంటుంది.

తీసేయడం అంటే గుర్తొచ్చింది: ‘ఆర్ఎం’ కొడితే ఫైల్ రీసైకిల్ బిన్‌కు పోదు, నేరుగా పోతుంది. ‘ఆర్ఎం -ఆర్ఎఫ్’ ఎవరైనా కొట్టమంటే, కొట్టే ముందు ‘పీడబ్ల్యూడీ’ చూసుకోండి.

ల్యాప్‌టాప్ ఇంకా కొనలేదు. ఫోన్‌లో అవుతుందా?

ఆండ్రాయిడ్‌లో టెర్మక్స్‌తో అవుతుంది. ఎఫ్-డ్రాయిడ్ అనే యాప్ స్టోర్ నుంచి దింపుకోండి. ‘పీకేజీ అప్‌డేట్’, తర్వాత ‘పీకేజీ ఇన్‌స్టాల్ క్లాంగ్ పైథాన్ నానో’. మొదటి సెమిస్టర్ సీ, పైథాన్ ప్రోగ్రామ్‌లన్నీ దీంట్లో నడుస్తాయి. ఓటీజీ పెట్టి మామూలు కీబోర్డు తగిలిస్తే చేతికి హాయి. కంపైల్ చేసిన ప్రోగ్రామ్‌ను డౌన్‌లోడ్స్ లాంటి ఫోన్ స్టోరేజ్‌లో ఉంచి నడపబోతే ‘పర్మిషన్ డినైడ్’ వస్తుంది. అక్కడి నుంచి ప్రోగ్రామ్‌లు నడపడానికి ఆండ్రాయిడ్ ఒప్పుకోదు. టెర్మక్స్ సొంత హోమ్‌లోనే పెట్టుకోండి.

టెర్మినల్‌లో తెలుగు ముక్కలు ముక్కలుగా కనిపిస్తోంది.

టెర్మినల్ తెర అంతా సమాన వెడల్పు గడులు. ఒక గడికి ఒక అక్షరం అనేది ఇంగ్లిష్ లెక్క. మన గుణింతాలు, వత్తులు ఆ గడుల్లో ఇమడవు. ఫైల్ పాడవలేదు, అదే ఫైల్‌ను వీఎస్ కోడ్‌లో తెరిస్తే చక్కగా కనిపిస్తుంది. ఫాంట్ కావాలంటే నోటో సాన్స్ తెలుగు వేసుకోండి.

పైథాన్‌లో ‘తెలుగు’ అనే మాట పొడవు అడిగితే 6 అంటుంది, కంటికి కనిపించేవి మూడే. త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము అని విడివిడిగా లెక్కపెడుతుంది. యూటీఎఫ్-8లో ఒక్కోదానికి మూడు బైట్లు, మొత్తం 18. తెలుగు పేర్లతో ప్రాజెక్ట్ చేసేవాళ్లు ఇది ముందే గుర్తుంచుకుంటే పట్టికలు వంకర పోవు.

థీమ్ ఏది బాగుంటుంది?

మీ ఇష్టం. ఎండలో వరండాలో కూర్చుని చేసేవాళ్లకు తెల్ల థీమే కనిపిస్తుంది.

గిట్‌హబ్‌కు పుష్ చేస్తే సరైన పాస్‌వర్డ్ ఇచ్చినా ఒప్పుకోవడం లేదు.

2021 ఆగస్టు 13 నుంచి గిట్‌హబ్ కమాండ్ లైన్‌లో పాస్‌వర్డ్ తీసుకోవడం మానేసింది. సెట్టింగ్స్‌లో టోకెన్ తయారుచేసుకుని పాస్‌వర్డ్ బదులు అది పేస్ట్ చేయండి, లేదా ఎస్ఎస్‌హెచ్ కీ పెట్టుకోండి. టోకెన్‌ను వాట్సాప్ గ్రూపులో పెట్టకండి.

షాపులో ‘ప్రోగ్రామింగ్ సాఫ్ట్‌వేర్లన్నీ’ వేయడానికి డబ్బులు అడుగుతున్నారు. ఇవ్వాలా?

ఈ పేజీలో చెప్పినవన్నీ వేసుకోవడానికి పైసా అక్కర్లేదు, డేటా తప్ప. రోజుకు ఒకటిన్నర జీబీ ప్యాక్ అయితే ఉబుంటు ఒక రోజు, కంపైలర్, ఎడిటర్ ఇంకో రోజు దింపుకోండి. షాపులో వేసే క్రాక్ సాఫ్ట్‌వేర్‌తో వైరస్ ఉచితంగా వస్తుంది.

ఎర్రర్ వస్తే సీనియర్‌ను ఎలా అడగాలి?

తెరకు ఫోన్‌తో ఫొటో తీసి ‘అన్నా, రావట్లేదు’ అని పంపితే ఆ అన్న ఏం చెప్పగలడు? నాలుగు సంగతులు టెక్స్ట్‌గా పంపండి: పీడబ్ల్యూడీ ఏం చూపిస్తోంది, మీరు కొట్టిన కమాండ్ ఏమిటి, ఎర్రర్ మొత్తం, విండోసా ఉబుంటునా. సీలో ఇరవై ఎర్రర్లు వచ్చినా మొట్టమొదటిది చూడండి. పైన ఒక సెమీకోలన్ మర్చిపోతే కిందవన్నీ దాని వెంట వచ్చినవే కావచ్చు. పైథాన్ అయితే తిరగేసి చదవాలి, అసలు ఎర్రర్ చిట్టచివరి లైనులో ఉంటుంది.